మందు రాసి పంపాక చేయాల్సిన పని: మానసిక పునరావాసాన్ని మీ ఓపీ నుంచే మొదలుపెట్టడం ఎలా?

జిల్లా ఆస్పత్రి సైకియాట్రీ విభాగంలో పనిచేసే డాక్టర్లు, నర్సులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్ల కోసం ఇది రాస్తున్నాను. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఉన్నవారికీ, చిన్న ఊళ్లో సొంత క్లినిక్ నడుపుతున్నవారికీ కూడా పనికొస్తుంది.

స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, ఆలోచన గాడి తప్పడం ఉండే తీవ్ర మానసిక జబ్బు) ఉన్న మనిషి నెలనెలా ఓపీకి వచ్చినప్పుడు మనం అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. నిద్ర పడుతోందా? చెవిలో మాటలు వినిపిస్తున్నాయా? మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడా? సగం జవాబులు పక్కనున్న తల్లే చెబుతుంది. "పర్లేదు సార్, గొడవేం లేదు. తింటున్నాడు, పడుకుంటున్నాడు" అంటుంది. కేస్ షీట్ మీద 'ఇంప్రూవ్డ్, కంటిన్యూ' అని పడుతుంది. ఇరవై ఏడేళ్ల మనిషి పొద్దస్తమానం తిని పడుకుంటుంటే దాన్ని బాగుపడటం అని రాసుకుంటున్నాం. పునరావాసం అక్కడి నుంచి మొదలవ్వాలి.

మనిషి తనకు నచ్చిన చోట, తాను కోరుకున్న పాత్రలో నిలదొక్కుకోవడానికి అవసరమైన నైపుణ్యాలు నేర్పడం, అవసరమైన తోడ్పాటు అమర్చడం, ఈ రెండూ కలిస్తే మానసిక పునరావాసం. అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీకి చెందిన విలియం ఆంథొనీ, ఆయన సహచరులు దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. వాళ్లు చెప్పిన క్రమం మూడు మాటల్లో ఉంటుంది: ఎంచుకోవడం, అందుకోవడం, నిలబెట్టుకోవడం. ఎంచుకునేది రోగి. అందుకోవడానికీ నిలబెట్టుకోవడానికీ చేయూతనిచ్చేది మనం.

వార్డు చివర్న ఒక గదిలో కొవ్వొత్తులు పోయించడం, కాగితం కవర్లు అంటించడం చాలాచోట్ల పునరావాసం పేరుతో నడుస్తోంది. రోజంతా మంచం మీద ఉండటం కంటే అది నయమే. కానీ ఇంటికెళ్లాక అతను కొవ్వొత్తులు అమ్ముకుని బతకబోవడం లేదు. ఆ పని అతను అడిగిందీ కాదు.

చట్టం కూడా మన మీద ఈ బాధ్యత పెట్టింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ వైద్యంతో పాటు హాఫ్‌వే హోంలు (ఆస్పత్రి నుంచి ఇంటికి చేరేలోపు కొంతకాలం ఉండే చోట్లు), తోడ్పాటుతో కూడిన నివాసం, సమాజంలోనే అందే పునరావాస సేవలను కూడా హక్కుగా చెప్పింది. 98వ సెక్షన్ ప్రకారం డిశ్చార్జ్‌కి ముందు ఆ మనిషితో, వాళ్లవాళ్లతో కూర్చుని తర్వాత ఏ సేవలు కావాలో మాట్లాడాలి. ఆ సంభాషణ జరగకుండా డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టి పంపడం ఇప్పటికీ చాలా మామూలు.

మొదట ముగ్గురు నలుగురితో మొదలుపెట్టండి

ఓపీకి వచ్చే అందరికీ ఒక్కసారే చేద్దామనుకుంటే రెండో వారానికే చేతులెత్తేస్తారు. ముగ్గురినో నలుగురినో ఎంచుకోండి. అందరికంటే తేలికైన కేసులే తీసుకోవద్దు, అందరికంటే క్లిష్టమైనవీ వద్దు. జబ్బు ఒక మోస్తరుగా అదుపులో ఉండి, జీవితం మాత్రం ఆగిపోయినవాళ్లు మీ ఓపీలో కచ్చితంగా ఉంటారు. చదువు మధ్యలో వదిలేసిన అమ్మాయి, షాపు మూసేసుకున్న బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) మనిషి, ఇంట్లోవాళ్లు వంటింట్లోకి అడుగుపెట్టనివ్వని కోడలు, ఇలాంటివాళ్లు.

"ముందు లక్షణాలు పూర్తిగా పోనీ, తర్వాత చూద్దాం" అనే మాట పక్కన పెట్టండి. అప్పుడప్పుడు మాటలు వినిపిస్తూనే ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. లక్షణాలేవీ లేకుండానే ఇంట్లోంచి అడుగు బయట పెట్టనివాళ్లూ ఉన్నారు. రెండింటికీ సంబంధం ఉంది గానీ, ఒకటి కుదిరితే రెండోది దానంతటదే కుదురుతుందనే భరోసా లేదు. స్కిజోఫ్రీనియాలో శ్రద్ధ నిలవకపోవడం, జ్ఞాపకం జారిపోవడం, వరస పెట్టి పని చేయలేకపోవడం, ఏదీ చేయాలనిపించకపోవడం, వీటి మీద మన మందుల ప్రభావం తక్కువ. మనిషిని పనికి దూరం చేసేవి ఎక్కువగా ఇవే.

ఏం కావాలో అడగండి, తోడొచ్చినవాళ్లు బయట ఉన్నప్పుడు

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఈ దశకే. చాలామంది తొందరపడేదీ ఇక్కడే. కనీసం అరగంట కావాలి. ఓపీ రద్దీలో కుదరదు కాబట్టి మధ్యాహ్నం రమ్మనండి. కుర్చీ ఎదురుగా కాకుండా పక్కగా వేయండి. అమ్మానాన్నలతో తర్వాత మాట్లాడతానని చెప్పి, ముందు ఆ మనిషితో ఒంటరిగా కూర్చోండి.

"నీ లక్ష్యం ఏమిటి?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ ప్రశ్న ఇంటర్వ్యూలా ఉంటుంది. ఇలా అడిగి చూడండి: "పొద్దున లేచిన దగ్గర్నుంచి నిన్నంతా ఏం చేశావు, చెప్పు." "జబ్బు రాకముందు ఏ పని చేసేటప్పుడు టైం తెలిసేది కాదు?" "మీ ఊళ్లో నీ ఈడువాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? వాళ్లలో ఎవరిలా ఉంటే బాగుండు అనిపిస్తుంది?" "ఈ ఇంట్లోనే ఇలాగే ఉండటం నీకు బాగుందా, ఏదైనా మారాలా?"

పెద్దవాళ్లతో, పెళ్లయినవాళ్లతో మాట్లాడేటప్పుడు 'మీరు' అనండి. ఏళ్ల తరబడి ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ 'వాడు', 'ఈ అమ్మాయి' అనిపించుకున్న మనిషికి ఆ పిలుపే ఒక మార్పు.

జవాబు వెంటనే రాదు. "ఏమో సార్", "మీ ఇష్టం", "అమ్మని అడగండి" అంటారు. దాన్ని ఇష్టం లేకపోవడంగా రాసుకోవద్దు. పదేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. ఆశ పెట్టుకుని దెబ్బతిన్నవాళ్లకి మళ్లీ ఆశపడాలంటే భయం. అలాంటప్పుడు లక్ష్యం కోసం గుచ్చిగుచ్చి అడగకుండా, చిన్న అనుభవాలు కల్పించండి. ఒకరోజు నర్సుతో కలిసి బజారుకి వెళ్లి రావడం, ఇదే దారిలో నడిచి ఇప్పుడు పని చేసుకుంటున్న మరో మనిషితో టీ తాగడం లాంటివి. మారాలన్న అవసరం తనకు అనిపిస్తోందా, మార్పు మంచిదేనన్న నమ్మకం ఉందా, తన గురించి తనకు ఎంత తెలుసు, మనతో చనువు కుదిరిందా అన్నవి చూసుకుంటూ పోవడాన్ని ఆంథొనీ బృందం సంసిద్ధతను అంచనా వేయడం అంది. సిద్ధంగా లేరని తేలితే ఆ మనిషిని జాబితాలోంచి తీసేయకూడదు. సిద్ధపడేలా చేయడమే అప్పుడు మన పని.

ఆఖరికి ఒక వాక్యం రావాలి. ఎక్కడ, ఏ పాత్రలో, ఎప్పటికల్లా అన్నవి అందులో ఉండాలి. ఆ వాక్యాన్ని అతని మాటల్లోనే కేస్ షీట్ మొదటి పేజీలో రాయండి.

ఆ వాక్యాన్ని విడగొట్టండి: ఏం చేయగలడు, ఏం నేర్వాలి, ఏం అమర్చాలి

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. రమణకు ఇరవై ఏడేళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివాడు. ఆరేళ్లుగా స్కిజోఫ్రీనియా, రెండేళ్లుగా మందులతో నిలకడగా ఉన్నాడు. అతను చెప్పిన వాక్యం ఇది: "సంక్రాంతి కల్లా మా మేనమామ మోటారు వైండింగ్ షాపులో రోజూ పనికి పోవాలి."

ఇప్పుడు మీరు ఆ షాపుకి వెళ్లి చూడాలి. ఆస్పత్రి గదిలో కూర్చుని వేసే అంచనా ఇక్కడ పనికిరాదు. కాలిపోయిన పంపుసెట్ మోటారు వస్తే ముందు పాత వైండింగ్ పీకాలి. స్లాట్లు గీకి శుభ్రం చేయాలి. ఇన్సులేషన్ కాగితం కొలతకు కత్తిరించి దూర్చాలి. రాగి తీగను లెక్క ప్రకారం చుట్లు చుట్టి కాయిల్ చేయాలి. కాయిళ్లను స్లాట్లలో కూర్చి, కనెక్షన్లు కట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. పొద్దున తొమ్మిదికల్లా షట్టర్ ఎత్తాలి. ఎండాకాలం వస్తే రైతులు మోటారు పక్కనే నిలబడి "ఎంతసేపు? పైరు ఎండిపోతోంది" అని అరుస్తారు.

ఒక్కో పనీ అతనితో కలిసి చూసుకుంటూ పోతే చిత్రం స్పష్టంగా కనిపిస్తుంది. పాత తీగ పీకడం, శుభ్రం చేయడం ఇప్పుడే చేయగలడు. కనెక్షన్లు ఐటీఐలో నేర్చుకున్నవే, రెండుసార్లు చూపిస్తే గుర్తొస్తాయి. చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం మధ్యలో లెక్క తప్పుతుంది. ఇది శ్రద్ధ నిలవని ఇబ్బంది. ఎంత తిట్టినా తగ్గదు. చేతులు సన్నగా వణుకుతాయి, ఇది మందు వల్ల. పొద్దున ఎనిమిదికి లేవలేడు, ఇందులో మందు వాటా కొంత, అలవాటు వాటా కొంత. రైతు అరిస్తే బిగుసుకుపోతాడు.

ప్రతిదానికీ నైపుణ్యం నేర్పక్కర్లేదని గమనించండి. లెక్క తప్పడానికి మందు లేదు, కానీ చుట్లు లెక్కపెట్టే మీటరు ఉన్న వైండింగ్ మిషన్ ఉంది. అది లేకపోతే యాభై చుట్లకోసారి పలకమీద గీత పెట్టుకోవచ్చు. వణుకు, నిద్రమత్తు డాక్టర్ చూసుకోవాలి. రైతుతో మాట్లాడటం మాత్రం నేర్పాల్సిన నైపుణ్యం. పొద్దున్నే లేవడానికి తల్లి కేకలకంటే అలారం, మేనమామ ఇంటి ముందు బండి ఆపి "రా, పోదాం" అనడం బాగా పనిచేస్తాయి. నేర్పడం, అమర్చడం, మందు సర్దడం అని మూడు నిలువు గళ్లు గీసుకుంటే రమణ ప్లాన్ ఒక్క పేజీలో సరిపోతుంది.

నేర్పే పద్ధతి

పై ఉదాహరణలో రైతుతో మాట్లాడటం ఎలా నేర్పాలి? "ధైర్యంగా మాట్లాడు" అని చెప్పి వదిలేస్తే లాభం లేదు. దాన్ని ముక్కలు చేయాలి: ముఖం వైపు చూడటం, ఆయన చెప్పేది పూర్తిగా వినడం, "అర్థమైందండీ" అనడం, కచ్చితమైన సమయం చెప్పడం, తెలియకపోతే "మామయ్యని అడిగి చెప్తా" అనడం. ముందు మీరు చేసి చూపించండి. తర్వాత అతనితో చేయించండి. మీరు రైతు పాత్రలో ఉండి మొదట మెల్లగా, తర్వాత కాస్త గట్టిగా అడగండి. బాగా చేసింది ఏమిటో పేరు పెట్టి చెప్పండి, సరిదిద్దాల్సింది ఒక్కటే చెప్పండి. పదిహేను నిమిషాల పని ఇది, నర్సు కూడా చేయించగలరు.

ఆస్పత్రిలో నేర్చుకున్నది షాపులో దానంతటదే రాదు. అందుకే మొదటి రోజుల్లో ఒకసారి అక్కడికే వెళ్లి, అక్కడే మళ్లీ చేయించాలి. ఈ ఒక్క ప్రయాణానికి వెహికిల్ దొరకక చాలా ప్లాన్లు కాగితం మీదే ఉండిపోతున్నాయి. వెళ్లలేకపోతే మేనమామతో ఫోన్లో మాట్లాడి ఏం గమనించాలో, ఏ మాటతో ప్రోత్సహించాలో చెప్పండి.

డాక్టర్లకు ఒక మాట

పునరావాసం సోషల్ వర్కర్ పని, మందులు నా పని అని గీత గీసుకుంటే రెండూ దెబ్బతింటాయి. ఆ మనిషి ఏ గంటకు లేవాలి, చేతులతో ఎంత సున్నితమైన పని చేయాలి, నిచ్చెన ఎక్కాలా, బండి నడపాలా అన్నవి తెలుసుకుని మందు రాయండి. మత్తు తెచ్చే డోసును వీలైతే రాత్రికి మార్చడం, వణుకు ఉంటే మోతాదునో మందునో పునరాలోచించడం, ఏళ్లుగా ఎవరూ కదిలించని నాలుగైదు మాత్రల చీటీని ఓపిగ్గా తగ్గించుకుంటూ రావడం, ఇవన్నీ పునరావాసంలో భాగమే. బరువు, షుగర్ చూడటం మర్చిపోవద్దు. బైపోలార్‌కు వాడే లిథియం మందు మీద ఉన్నవాళ్లు ఎండలో పనికి వెళ్తుంటే నీళ్లు, ఉప్పు, రక్తంలో లిథియం స్థాయి గురించి తప్పక మాట్లాడండి. మన వేసవిలో చెమటతో ఒళ్లు ఎండిపోతే ఆ స్థాయి ప్రమాదకరంగా పెరగవచ్చు.

ఇంట్లోవాళ్లను ఎదురుపక్షం చేయకండి

1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచుకుని, వైద్యంలో భాగస్వాములను చేశారు. కుటుంబాన్ని గేటు బయట నిలబెట్టడం ప్రపంచమంతా మామూలుగా ఉన్న రోజులవి.

మన ఇళ్లలో రెండు రకాల ఇబ్బందులు కనిపిస్తాయి. ఒకటి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దెప్పిపొడవడం: "సోమరిపోతు", "నీ తోటివాళ్లు ఎక్కడున్నారు, నువ్వెక్కడున్నావు". విమర్శ, ద్వేషం, అతి జోక్యం ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని ఇంగ్లండులో మొదలై చాలా దేశాల్లో జరిగిన పరిశోధనలు చెప్పాయి. ఆ తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టకండి. చేయాలనిపించకపోవడం కూడా జబ్బులో భాగమేనని వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ ఒక్క విషయం బొమ్మ గీసి అయినా చెబితే ఇంట్లో మాట తీరు మారుతుంది.

రెండోది ప్రేమతో కట్టేయడం. అన్నం కలిపి పెట్టడం, స్నానానికి నీళ్లు తోడిపెట్టడం, "వాడివల్ల ఏమవుతుంది సార్" అనడం. ఇలాంటి ఇంట్లో తల్లికి ఒక్క పని అప్పగించండి: ఈ వారం కంచం అతన్నే కడగనివ్వాలి, సరిగ్గా కడగకపోయినా మళ్లీ కడగకూడదు. వచ్చే వారం ఏమైందో అడగండి.

ఆడవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. జబ్బు చేసిన కోడలిని వంటింట్లోకి రానివ్వరు, పిల్లాణ్ణి ఎత్తుకోనివ్వరు, చాలాసార్లు పుట్టింటికి పంపేసి మళ్లీ పిలవరు. "ఆమెకి ఉద్యోగం లక్ష్యం కాదు కదా, ఇంట్లోనే ఉంటుంది కదా" అని మనమూ వదిలేస్తాం. ఆమెను అడిగితే ఏం చెబుతుందో వినండి. పిల్లాణ్ణి తానే బడికి దింపాలని ఉండొచ్చు. అదొక పూర్తి లక్ష్యం: పొద్దున ఏడింటికి లేవడం, డబ్బా సర్దడం, రోడ్డు దాటడం, గేటు దగ్గర మిగతా తల్లులతో రెండు మాటలు మాట్లాడటం. ఆమెకు టైలరింగ్ మిషన్ ఇప్పించి ఫొటో దిగడం కంటే ఇది కష్టమైన పని, విలువైన పని కూడా. ఇంట్లో కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి ఉన్నాయేమో ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఉంటే ముందు ఆమె భద్రత చూడాలి, ప్లాన్ సంగతి తర్వాత.

ఉద్యోగం: ముందు చేర్చి, తర్వాత నేర్పడం

పాత పద్ధతిలో ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, 'రెడీ' అయ్యాక ఉద్యోగం వెతికేవారు. చాలామంది ఆ శిక్షణ గదిలోనే ఉండిపోయేవారు. 1990లలో అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ ఈ వరసను తిప్పేశారు. పని కావాలన్నవాళ్లను కాదనకుండా తీసుకోవాలి. అందరూ చేసే మామూలు ఉద్యోగమే వెతకాలి. త్వరగా చేర్చి, చేరాక ఎంతకాలం అవసరమైతే అంతకాలం వెన్నంటి ఉండాలి. వైద్య బృందం, ఉద్యోగం చూసే మనిషి కలిసి పనిచేయాలి. ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్) అనే ఈ పద్ధతిలో పాతదానికంటే ఎక్కువమంది ఉద్యోగాల్లో చేరుతున్నారని అనేక దేశాల్లో జరిగిన ర్యాండమైజ్డ్ ట్రయల్స్‌లో (లాటరీ తీసినట్టు మనుషులను గుంపులుగా పంచి పోల్చే అధ్యయనాల్లో) తేలింది.

మన ఊళ్లలో ఉద్యోగమంటే కిరాణా కొట్టు, పాల కేంద్రం, సెల్‌ఫోన్ రిపేరు, మెస్, పొలం. యజమాని తెలిసినవాడే అయి ఉంటాడు. ఇది మనకు కలిసొచ్చే విషయం. జబ్బు సంగతి యజమానికి చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఆ మనిషి నిర్ణయం. రెండువైపులా లాభనష్టాలు ముందే మాట్లాడుకోండి. చెప్పాలనుకుంటే ఎంతవరకు చెప్పాలో కూడా సాధన చేయించండి. రోగం పేరు అక్కర్లేదు. "మందులు వాడుతున్నాను, నెలకోసారి ఆస్పత్రికి వెళ్లాలి, రెండు పనులు ఒకేసారి చెప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి చెప్తే బాగా చేస్తాను" అంటే చాలు. ఇంకొకటి: తెలిసినవాళ్ల షాపు కదా అని జీతం లేకుండా నెలల తరబడి చేయించుకునేవాళ్లు ఉంటారు. చేర్చేటప్పుడే కూలీ ఎంతో మాట్లాడండి.

చదువుకున్నవాళ్లకు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గురించి చెప్పండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు ఉన్న 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి కేటాయించారు.

సర్టిఫికెట్, పింఛన్

మానసిక వైకల్యాన్ని కొలిచే ఐడియాస్ స్కేలును ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ రూపొందించింది. సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పనిచేయడం అనే నాలుగు అంశాలకు ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. జబ్బు ఎంతకాలంగా ఉందన్నదానికి 1 నుంచి 4. మొత్తం 20కి 7 వస్తే 40 శాతం వైకల్యం కింద లెక్క, పథకాలకు అదే గీత. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లేముందు కుటుంబానికి ఒక విషయం చెప్పండి: "బాగానే ఉన్నాడండి" అని మొహమాటపడి చెప్పొద్దు, లేనిది కల్పించొద్దు, మామూలు రోజు ఎలా గడుస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. పాత కేస్ షీట్లు, మందుల చీటీలు వెంట పట్టుకెళ్లాలి. మానసిక అనారోగ్యం బయటికి కనిపించదు కాబట్టి కాగితాలే మాట్లాడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో 6,000 రూపాయలు అయింది. తెలంగాణలో 2023లో 4,016 అయింది. పేద ఇంట్లో ఈ డబ్బుతో ఆ మనిషికి ఇంట్లో గౌరవం వస్తుంది, బస్సు ఛార్జీ వస్తుంది. అయితే "పనికి పోతే పింఛను పోతుందేమో" అన్న భయం కూడా వెంటే వస్తుంది, కొన్ని కుటుంబాలు పనికి పంపడం మానేస్తాయి. దీన్ని దాటవేయకుండా ముందే మాట్లాడండి, గ్రామ, వార్డు సచివాలయంలోనో ఎంపీడీవో ఆఫీసులోనో నిబంధన కనుక్కుని చెప్పండి. నిరామయ బీమా వంటి నేషనల్ ట్రస్ట్ పథకాలు మానసిక అనారోగ్యానికి వర్తించవు. ఆ చట్టం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు మాత్రమే. తెలియక ఆ ఆఫీసుల చుట్టూ తిప్పకండి.

వెళ్లడానికి ఇల్లు లేనప్పుడు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు తప్పించుకోలేక ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంట్లో చోటు లేని మనిషిని ఎక్కడో ఒకచోట వదిలిపెట్టి రావడమనేది ఎక్కడిదాకా పోతుందో ఆ ఘటన చెబుతుంది. కుటుంబం "ఎక్కడైనా హోంలో పెట్టించండి సార్" అని అడిగితే ఆ చోటుకు రిజిస్ట్రేషన్ ఉందా, మనుషులను లోపల పెట్టి తాళాలు వేస్తున్నారా, లోపలున్నవాళ్లు బయటికి వచ్చి వెళ్తున్నారా అన్నవి చూడకుండా పేరు చెప్పకండి.

కుటుంబం లేదనో, ఒప్పుకోలేదనో మనిషిని ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. చెన్నైలో 1993లో మొదలైన ది బన్యన్ సంస్థ ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో ఉండిపోయినవాళ్లు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో, మామూలు అద్దె ఇంట్లో ఉండేలా 'హోమ్ అగైన్' పేరుతో చేసి చూపించింది. వాళ్లకు తోడుగా శిక్షణ పొందిన స్థానిక మహిళలు ఉంటారు. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి ఇళ్లు ఎక్కువ రావాలి, అడగాల్సినవాళ్లలో మనమే ముందుండాలి.

తిరగబెడితే ఏం చేయాలో బాగున్నప్పుడే రాసిపెట్టండి

ప్రతి మనిషికీ జబ్బు ముదిరే ముందు తనవైన గుర్తులు ఉంటాయి. ఒకరికి రెండు రాత్రులు నిద్ర పట్టదు, ఒకరు ఫోన్ ఆపేస్తారు, ఒకరు ఉన్నట్టుండి గుళ్ల చుట్టూ తిరగడం మొదలుపెడతారు. ఆ గుర్తులు, వాటికి ఎవరు ఏం చేయాలి, ఏ మందు పడింది, ఏది పడలేదు, ఆస్పత్రికి ఎవరు తీసుకురావాలి అన్నవి ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒకటి, కేస్ షీట్‌లో ఒకటి పెట్టండి. దీన్నే చట్టబద్ధంగా ముందస్తు ఆదేశంగా చేసుకునే హక్కు అదే చట్టంలోని 5వ సెక్షన్ ఇస్తోంది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కు 14వ సెక్షన్‌లో ఉంది. అదే కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కూడా రాయండి. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, తెలుగులో మాట్లాడవచ్చు.

తిరగబెట్టినప్పుడు ప్లాన్ మొత్తం చింపేయొద్దు. రమణ షాపు మానేసి వారం వార్డులో ఉంటే మేనమామకు ఫోన్ చేసి "పది రోజుల్లో వస్తాడు, చోటు ఉంచండి" అని చెప్పడం ఆ వారంలో మీరు చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి.

బృందం, లెక్క

మనుషులు తక్కువన్నది నిజమే. అయితే తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో స్కిజోఫ్రీనియా ఉన్న 282 మందితో జరిగి 2014లో ప్రచురితమైన కోప్సీ అధ్యయనంలో, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి చేసిన సాయం, ఆస్పత్రి వైద్యానికి తోడైతే వైకల్యం కొంత తగ్గింది. ఫలితం భారీదేం కాదు, కానీ అది మన దేశంలో, మామూలు మనుషులతో వచ్చిన ఫలితం. మీ దగ్గర ఆశా కార్యకర్తలు ఉన్నారు, స్వయం సహాయక సంఘాల మహిళలు ఉన్నారు, అన్నిటికంటే ముఖ్యంగా జబ్బు నుంచి తేరుకుని నిలబడ్డవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరికి గౌరవ వేతనం ఇచ్చి బృందంలో కూర్చోబెట్టగలిగితే, మనం చెప్పలేని మాటలు వాళ్లు చెబుతారు.

వారానికోసారి అరగంట కూర్చోండి. ఎంచుకున్న నలుగురి గురించి ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ఈ వారం ఏం నేర్పాం, ఏం అమర్చాం, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఎవరు ఏం చేస్తారు. లక్షణాల స్కోరు పక్కనే మరో నాలుగు విషయాలు నెలనెలా రాసుకోండి: వారంలో ఎన్ని గంటలు పనిలోనో చదువులోనో ఉన్నారు, చేతికి ఎంత డబ్బు వచ్చింది, ఇంటివాళ్లు కాకుండా ఎంతమందితో మాట్లాడారు, ఎంచుకున్న చోట ఇంకా ఉన్నారా. ఆరు నెలలకు ఈ నాలుగూ కదలకపోతే ఆ మనిషికి పట్టుదల లేదని రాయకండి. లక్ష్యం అతనిదేనా, మనమో వాళ్ల నాన్నో ఎంచి పెట్టిందా అని మొదటి పేజీలోని ఆ వాక్యం దగ్గరికి వెళ్లి మళ్లీ అడగండి. మారిందంటే కొట్టేసి, కొత్త వాక్యం రాసి, తేదీ వేయండి.